తోక తెగిన కొరమీనుల వెంట నర్సీపట్నం

నర్సీపట్నం వెళ్ళొచ్చానని చెబితే మా బాపట్లలో ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న, "లంబసింగి చూశారా? మంచు పడిందా?" అని. చూడలేదు. అంత దూరం వెళ్ళి, ఆ మంచు కొండకేసి తలెత్తకుండా చేపల తోకలు మాత్రం చూసి తిరిగొచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. మిగిలిన టైములో కొరమీను మీద పరిశోధన చేస్తాను. కొరమీను చెరువుల్లో పులి లాంటిది. కప్పల్నీ, చిన్న చేపల్నీ, ఆకలేస్తే సొంత జాతినీ మింగుతుంది. దాన్ని మించిన పులులం మనం. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ అని కనబడ్డచోటల్లా పట్టేస్తున్నాం. పట్టగా మిగిలినవి ఏ నీళ్ళలో ఏ వంశానివో, వాటిలో వాటికి చుట్టరికం ఎంతో డీఎన్ఏ చూసి తేల్చడం నా పని. మా ఆవిడ దీన్ని 'చేపలకు సంబంధాలు చూడడం' అంటుంది. నవ్వితే నవ్వింది గానీ అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

కాకపోతే ఇన్నేళ్ళూ కొరమీనును నేను చిన్న సీసాలో, స్పిరిట్లో తేలే తెల్లటి ముక్కగానే చూశాను. ముక్కలు ఎవరో పంపేవారు. బతికున్నదాన్ని చేత్తో పట్టుకున్నది లేదు. ఈత నేర్పే మాస్టారు నీళ్ళలో దిగనట్టన్నమాట.

ఈసారి మాత్రం వెళ్ళక తప్పలేదు. తాండవ జలాశయంలో చేపలు పట్టుకు బతికే సింహాచలం అనే ఆయన మా కాలేజీకి ఫోన్ చేశాడు. అక్కడ కొరమీను బాగా తగ్గిపోయింది. వాళ్ళ సొసైటీ పెద్దలు బయటి చెరువుల్లో పెంచిన చేపపిల్లను తెచ్చి వదులుదామంటున్నారు. ఈయన ఒప్పుకోడు. మా చేప వేరు, అది కొంచెం ఇంకా మిగిలుంది, వానల్లో ఒక మూలన వేట ఆపితే అదే పెరుగుతుందంటాడు. వేరో కాదో మీరు తేల్చండి, మీరు ఏది చెబితే అది అన్నారు పెద్దలు. ఒకటేనని నేను చెబితే బయటి పిల్ల నీళ్ళలోకి దిగుతుంది. ఒకసారి దిగి కలిసిపోయాక, పాలల్లో కలిసిన నీళ్ళను వేరు చెయ్యడం ఎవరి తరమూ కాదు.

ఇంత బరువైన మాట నా నోట రావాల్సి ఉంది. నేను చేసిన ఏర్పాటల్లా ఒక కొత్త కత్తెర, ఒక పెట్టెడు సీసాలు, పొడుగు బూట్లు కొనుక్కోవడం.

నర్సీపట్నం మార్కెట్టు

చుట్టుపక్కల మూడు నాలుగు చోట్ల కొరమీనులు చూసి, వాటితో తాండవ చేపను పోల్చాలని నా పథకం. నదిలో దిగి పట్టడం కష్టం. మార్కెట్టులో అడగడం తేలిక. పరిశోధకుడు తేలికైన దాన్ని ఎంచుకుని దానికి 'పద్ధతి' అని పేరు పెడతాడు.

బస్సు దిగి, ముప్పై రూపాయలకు నాలుగిడ్లీ తిన్నాను. మా వైపు కారప్పొడి, నెయ్యి లేకుండా ఇడ్లీ దిగదు. ఇక్కడ పల్చటి పల్లీ చట్నీని ఇడ్లీలు మునిగేదాకా పోసి, "సాలా బాబూ?" అని అడుగుతారు. చాలు అనేలోపు ఇంకో గరిటె పడుతుంది.

చేపల వరసలో నీలం డ్రమ్ము ముందు పైడమ్మ కూర్చుని ఉంది. కొరమీను బతికుంటేనే రేటు. డ్రమ్ములోంచి తీసి, తూచి, మన కళ్ళముందే కొట్టి, బూడిద రాసి రాతిమీద జిగురంతా పోయేలా తోమి ఇస్తారు. కిలో అయిదు వందలు చెప్పింది.

"ఎక్కడివమ్మా ఇవి?" అన్నాను.

"నాటువే బాబూ. మన వరాహ నదివి. పొద్దున్న పట్టినారు, ఇప్పుడు తెచ్చినాను."

'వరాహ' అని సీసాల మీద రాసుకున్నాను. తర్వాత నా కోరిక చెప్పాను. తోక చివర గోరంత ముక్క కత్తిరించుకుంటాను, చేపకు ఏమీ కాదు, మళ్ళీ పెరుగుతుంది, చేప నీకే ఇచ్చేస్తాను.

"కొనవేటి?"

"కొనను. ముక్క చాలు."

పైడమ్మ పక్కావిడ వైపు తిరిగింది. "ఒలే, సూసినావా? ఈ బాబుకి సేప వద్దంట. తోక కావాలంట."

టీ డబ్బులకు ఒప్పుకుంది. నేను డ్రమ్ములో చెయ్యి పెట్టాను. నా చేతిలో చేప పడడం, జారడం, నా కళ్ళజోడు డ్రమ్ములో పడడం ఒకేసారి జరిగాయి. కళ్ళజోడును పైడమ్మే తీసి, పమిటతో తుడిచి ఇచ్చింది. తర్వాత చేపల్ని కూడా ఆవిడే గట్టిగా పట్టుకుంటే నేను ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించే మంత్రిగారిలా కత్తిరిస్తూ పోయాను.

బలిఘట్టం

నా చేపల పుట్టిల్లు చూద్దామని సాయంత్రం బలిఘట్టం వెళ్ళాను. వరాహ ఇక్కడ ఉత్తరానికి తిరుగుతుంది. ఆ సంగతి ఆటో అతను చెప్పాడు, టీ కొట్టు అతను చెప్పాడు, గుడి మెట్ల మీద కూర్చున్న పెద్దాయన కూడా చెప్పాడు. తొలివానలు పడి నాలుగు రోజులైనా కాలేదు. నీళ్ళు ఇసుకలో పాయలు పాయలుగా, నా కొత్త బూట్ల మడమలు కూడా తడవనంత పారుతున్నాయి.

"వరాహలో కొరమీను బాగా దొరుకుతుందాండీ?" అని పెద్దాయన్నడిగాను.

"ఎవులు సెప్పినారు?"

"మార్కెట్లో చెప్పారు."

"అయితే మార్కెట్లోనే దొరుకుతాది," అన్నాడాయన. తర్వాత నా పెట్టె కేసి చూసి, నేను లోన్లిచ్చే మనిషినా అని అడిగాడు. కాదన్నాక నామీద ఆసక్తి పోయింది.

మామూలు బుర్ర ఉన్నవాడికి ఆ జవాబు చాలు. నాకున్నది చదువుకున్న బుర్ర. పెద్దాయన చమత్కారి అనుకుని, దండం పెట్టి వచ్చేశాను.

నక్కపల్లి

మర్నాడు నక్కపల్లి బస్సు నిండా ఉపమాక వెంకన్న దగ్గరికి వెళ్ళే జనం. కొబ్బరికాయల సంచుల మధ్య నా పెట్టె పట్టుకుని నిలబడ్డాను. సీసా ఒకటి మూత సరిగా పడక కారుతున్నట్టుంది. స్పిరిట్ వాసన గుప్పుమంది. ముందు సీట్లో ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నావంక చూసింది.

"పొద్దున్నే ఏటి బాబూ ఇది? సావి దగ్గరికెల్తా?"

నేను తాగలేదని, ఇది చేపల కోసమని చెప్పాను. చేపలకు పోయించే మనిషిని ఆవిడ అంతవరకూ చూసి ఉండదు. పిల్లాణ్ణి అవతలి సీటుకు మార్చింది. నేనే దిగి తర్వాతి బస్సెక్కాను.

నక్కపల్లిలో చేపలమ్మే, కుర్రవయసు దాటిన మనిషి ఒకడు, డ్రమ్ము మూత సగమే తెరిచి, తానే ఒక్కొక్క చేపా తీసి నా చేతికి అందించాడు. ఎక్కడివంటే "పెద్ద సెరువువి సార్, పక్కా నాటు" అన్నాడు. డ్రమ్ము నీలం రంగులో ఉందని చూశాను. లోకంలో డ్రమ్ములన్నీ నీలంగానే ఉంటాయి కదా అనుకున్నాను. రాసుకున్నాను: 'నక్కపల్లి, పెద్ద చెరువు'. రెండు రోజుల్లో రెండు నీళ్ళు. ఇంత వేగంగా పరిశోధన సాగుతుందని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి కదా అనిపించింది.

గొలుగొండ సంత

గొలుగొండ దారంతా వరి నారుమళ్ళు, చెరుకు. సంతలో ఎండుచేపలు, బెల్లం దిమ్మలు, కొడవళ్ళు, ప్లాస్టిక్ బిందెలు ఒక పక్క. కొరమీనులు చివర, టార్పాలిన్ కింద.

నాకో అలవాటుంది. మనుషుల మొహాలు చూడను, చేపల్నే చూస్తాను. ఇక్కడా అంతే. డ్రమ్ముకేసి వంగి, "ఎక్కడి చేపలు?" అన్నాను.

"తాండవవే. ఇప్పుడే దిగినాయి," అంది ఆడగొంతు, వేరే ఎవరికో చేప తోముతూ.

తాండవ చేప ఇక్కడే దొరికేస్తే ఇంక జలాశయం దాకా పోవడం ఎందుకు? సాయంత్రం బస్సుకే ఇంటికి పోవచ్చు. చెయ్యి పెట్టి ఒకదాన్ని రెండు చేతులా అదిమిపట్టి పైకి తీశాను. దాని తోక కింది మూల లేదు. నున్నగా, గీత గీసినట్టు తెగి ఉంది. రెండోదాన్ని చూశాను. దానికీ అంతే. మూడోదానికీ అంతే!

ఇప్పుడు నా మనసులో నడిచింది ఉన్నదున్నట్టు చెబుతాను. 'తాండవ కొరమీనుకు తోక ఆకారమే వేరు. దీన్ని ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు.' ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టాను. ఈ రకానికి ఏ పేరు పెడితే బావుంటుందో కూడా ఆలోచించాను. మా నాన్నగారి పేరు కలిసొచ్చేలా ఒకటి తోచింది.

"ఏటి బాబూ," అంది ఆ గొంతు, "నువ్వే కత్తిరించి, నువ్వే ఫోటోలు తీసుకుంటన్నావేటి?"

తలెత్తాను. పైడమ్మ.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. నక్కపల్లి మనిషి ఆవిడ మరిది. సరుకు ఒకటే. గోదావరి అవతలి పెంపకం చెరువుల నుంచి లారీలో వస్తుంది. బతికున్న చేప గనక ఒక సంతలో అమ్ముడుపోనిది ఇంకో సంతకు పోతుంది. కొనేవాళ్ళు నాటుదా అని అడుగుతారు గనక, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి నీళ్ళ పేరు చెప్పడం వ్యాపారం. అందులో ఆవిడకు ఏ దాపరికమూ లేదు, అడిగే మనిషి నమ్ముతాడని మాత్రం అనుకోలేదు.

"మంచియన్నీ అమ్ముడయిపోనాయి. నువ్వు ముట్టుకున్నయ్యే మిగిలిపోనాయి. తోక తెగింది జబ్బు సేప అని ఎవులూ కొంటం లేదు. మూడు ఊళ్ళు తిప్పినాను. ఇప్పుడు నీ సేపలు నువ్వే అట్టుకెల్లు."

ఆ ఎండలో నాకు చలి పుట్టింది. నవ్వులాట పక్కన పెడితే, నేను చెయ్యబోయిన పని అది. ఒకే లారీ చేపలకు మూడు నీళ్ళ పేర్లు రాసి, మూడూ ఒకటేనని కంప్యూటరు చెబితే, 'ఈ ప్రాంతపు కొరమీను అంతా ఒకటే' అని సంతకం పెట్టేవాణ్ణి. ఆ కాగితం చూసి బయటి పిల్లను తాండవలో పోసేవారు. సింహాచలం మాట ఇంక ఎవరూ వినేవారు కాదు. మా నాన్నగారి పేరు మాత్రం ఒక పెంపకం చేపకు ఉండేది.

బేరం ఆడకుండా తోక తెగినవన్నీ కొన్నాను. పైడమ్మ ఒక మూత బకెట్టు కూడా అంటగట్టింది.

తాండవ గట్టు

ఆటో దిగి గట్టు మీద నడుస్తుంటే జలాశయం ఒక్కసారిగా కనబడింది. అవతల కొండలు, ఇవతల ఎర్రటి కొత్తనీరు. ఆ అందానికి నేను ఆగి, బకెట్టు కింద పెట్టి, చేతులు నడుముకు ఆనించుకున్నాను. మూత లేచింది. ఒక కొరమీను బయటికి దూకింది.

కొరమీను నీళ్ళు లేకపోయినా కాసేపు గాలి పీల్చుకుంటూ బతుకుతుందని, తడినేల మీద పాకుతుందని పిల్లలకు ఏటేటా చెబుతాను. ఎంత వేగంగా పాకుతుందో నాకు ఆరోజే తెలిసింది. వాలులో నీళ్ళకేసి పోతోంది. ఏ పెంపకం చేప ఈ నీళ్ళలో పడాలా వద్దా అని తేల్చడానికి వచ్చానో, ఆ చేపను నా చేతులతోనే తెచ్చి వదులుతున్నాను!

బూట్లతో పరిగెత్తడం కుదరదని పరిగెత్తాక తెలిసింది. నీటి అంచుకు మూరెడు దూరంలో దాని మీద పడ్డాను. జీవితంలో మొదటిసారి పారిపోతున్న కొరమీనును ఎవరి సాయమూ లేకుండా పట్టుకున్నాను. చేత్తో కాదు, పొట్టతో.

"ఓలమ్మ! మేస్టారేనేటి?" అంది పైనుంచి ఒకావిడ. సింహాచలం భార్య సన్యాసమ్మ. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, మొత్తం చూసింది. కింద పడి ఉన్నవాణ్ణి లేవదీసే ముందు నా పొట్ట కింది చేపను తీసి బకెట్టులో వేసింది. ఏది ముఖ్యమో ఆవిడకు తెలుసు.

సింహాచలం వల తీయడానికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు ఆ చేపలన్నీ పులుసైపోయాయి. మా వైపు పులుసంటే కారం, చింతపండు తప్ప మూడోదానికి చోటుండదు. ఇక్కడ చివర్లో చిన్న బెల్లం ముక్క వేస్తారు. మొదటి ముద్దకు నేను మొహం అదోలా పెట్టాను, మూడో ముద్దకు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

సింహాచలం వచ్చి, కాళ్ళు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చున్నాడు. ముక్క నోట్లో పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"సూసినారా మేస్టారూ? ఇదీ మా తాండవ సేప. ఆ సెరువుల సేపకి ఈ రుచి ఏటొస్తాది? నాలిక మీద ఏస్తే నాకు తెలిసిపోతాది."

సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. నాకు పొలమారింది. సంతలో నా సంగతి, పళ్ళెంలో చేప సంగతి నేను చెప్పాక ఆయన మొహం చిన్నబోయింది. కాసేపటికి తనే నవ్వాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "అయితే మాది వేరు కాదంటారా?"

నాలుకతో తేలదని, చేపను చూడాలని అన్నాను. నిజానికి ఆ క్షణంలో నాకూ భయమేసింది. అంతవరకూ అది నాకొక ప్రశ్న. ఆయన మొహం చూశాక, జవాబు 'వేరే' అని రావాలని గట్టిగా కోరుకున్నాను. పరిశోధకుడు అలా కోరుకోకూడదు. కోరుకున్నాను.

తెప్ప మీద

పొద్దున్నే ఇద్దరం తెప్ప మీద ఆ మూలకు వెళ్ళాం. మునిగిన తుప్పల మధ్య నీటి మీద ఎర్రగా ఏదో కదులుతోంది. కొరమీను పిల్లలు. వందల కొద్దీ, గుప్పెడు కుంకుమ నీళ్ళ మీద పోసినట్టు గుంపుగా. వాటి కిందే పెద్ద చేప కాపలా.

సింహాచలం కప్పను గుచ్చిన గాలం చూపించాడు. "ఈ గుంపు మీద ఆడిస్తే సాలు, పిల్లల్ని తినడానికొచ్చిందనుకుని మీద పడతాది. బేగి దొరుకుతాది. మా కొరమీను తగ్గిపోనాది ఇందుకే. పైవూళ్ళోళ్ళొచ్చి ఇలాగే లాగేస్తన్నారు." గాలం నాకేసి తిప్పాడు. "మీకు కావాలంటే పడతాను మేస్టారూ. మరి ఇది పైకొచ్చిన కాసేపట్లో మిగతా సేపలు ఈ పిల్లల్ని మిగలనియ్యవు."

ఆయన మాట గెలవాలంటే నాకు ముక్క కావాలి. ముక్క కోసం పట్టిస్తే, ఆయన కాపాడాలనుకుంటున్నదే పోతుంది. గాలం వద్దన్నాను. పిల్ల ఒంట్లోనూ అమ్మానాన్నల వంశమే ఉంటుంది కదా, గుంపుకొక పిల్ల తీసుకుంటే నా పని అవుతుంది. అదీ ఒక ప్రాణమే. కాని వందల్లో ఒకటి.

టీ వడకట్టే జాలీ పట్టుకుని వంగాను. పిల్ల పడింది. ఆ వెంటనే నీళ్ళు పైకి చిమ్మాయి. కాపలా చేప ఎగిరి నా చూపుడువేలు పట్టుకుంది. నేను పెట్టిన కేకకు అవతలి గట్టు మీద గేదెలు తలెత్తాయి. కొత్త కత్తెర నీళ్ళలో పడిపోయింది. వేలి చివర గోరంత తోలు లేదు. దాని రక్తసంబంధం తేల్చడానికి వచ్చినవాడి దగ్గర అదే శాంపిలు తీసుకుంది.

ఆ మూలంతా తిరిగినా మూడు నాలుగు గుంపులే కనబడ్డాయి. అన్ని చోట్లా వేలు దాచుకుంటూ పిల్లను తీశాను.

ఇంటి దగ్గర సన్యాసమ్మ పసుపు అద్ది కట్టు కట్టింది. పరువు నిలబెట్టుకోవడానికి ఒక పాఠం చెప్పాను. నన్ను కరిచింది తల్లి కాకపోవచ్చు, కొరమీనులో పిల్లల్ని ఎక్కువగా కాసేది తండ్రి అని.

"మొగోడు పిల్లల్ని సూసుకుంటాడా?" అని ఆవిడ భర్త వంక తిరిగింది. "అయితే ఆ సేపకి దండం ఎట్టాలి. దాన్ని వండుకోవడం పాపం."

బాపట్లలో

ఫలితం వచ్చిన సాయంత్రం సింహాచలానికి ఫోన్ చేశాను. మీది వేరే అని చెప్పాను. మార్కెట్టు చేపలతో దానికి దగ్గరి చుట్టరికం లేదు. రెండో సంగతి కూడా చెప్పాల్సొచ్చింది. ఆ గుంపులన్నీ ఒకదానికొకటి మరీ దగ్గరి చుట్టాలు. అంటే పెద్ద చేపలు ఎన్నో మిగల్లేదు.

"ఒక్కింటోళ్ళేనంటారు."

"దాదాపు అంతే."

"మా పల్లె కూడా అంతే మేస్టారూ. ఒకే ఇంటోళ్ళం ఇంతమందిమైనాం కద." నా కళ్ళు తడిశాయి. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నా కాగితం అందాక బయటి పిల్ల ఆగింది. ఆ మూలన వేటా ఆపారు. అయినా దొంగ గాలాలు ఆగుతాయా అని నాకు బెంగ. మొన్న మళ్ళీ ఫోన్ చేస్తే సన్యాసమ్మ ఎత్తింది.

"ఏ బెంగా లేదు బాబూ. తోక తెగిందాన్ని ఎవులూ కొనరని మీరే కద సెప్పినారు? మా వలకి కొరమీను పడితే తోక కత్తిరించి ఇసిపెట్టేస్తన్నాం. దాన్ని దొంగతనంగా అట్టుకెల్లినా పైడమ్మ కూడా ముట్టుకోదు."

ఎవరిదీ ఆలోచన అంటే, నాదే అంది. అంటే ఆవిడదే. ఇన్నేళ్ళూ నేను రాసిన కాగితాలన్నిటికన్నా, నేను పాడుచేసిన తోకలే ఆ చేపకు ఎక్కువ పనికొచ్చాయి. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఒక్క క్షణం తర్వాత పరిశోధకుడు మేలుకున్నాడు. తాండవ కొరమీను, పెద్ద చేపలు, ఒక్కొక్కదాని తోక ముక్క! నేను వేలు పోగొట్టుకున్నా సంపాదించలేని శాంపిళ్ళు!

"సన్యాసమ్మగారూ, ఆ కత్తిరించిన ముక్కలు ఏం చేస్తున్నారు?"

"ఏటి సేస్తాం బాబూ? పిల్లికేస్తన్నాం."